మాకు సినిమా తీసిపెట్టనందుకు థాంక్స్ అక్కా

మొన్న ఆదివారం రాత్రి, ఖద్దరుకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా పొందూరులో మా వీధి గోడకి తెల్ల దుప్పటి కట్టి, మేం ఆరుగురం తీసిన తొమ్మిది నిమిషాల సినిమా వేశాం. నూలు వడికే మామ్మల మీద తీసింది. చూసినవాళ్లంతా మమ్మల్నే మెచ్చుకుని వెళ్లిపోయారు. ఆ మెప్పులో సగం చేరాల్సిన చోటికి చేరలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా విశాఖ నుంచి వచ్చిన అక్క. పేరు రాయొద్దని ఒట్టేయించుకుంది. ఎడిటింగ్ ఆమె బతుకుతెరువు. నెలన్నర పాటు ప్రతి శనివారం సొంత డబ్బుతో రైలెక్కి వచ్చింది. అంతకుముందు ఒకాయన షార్ట్ ఫిల్మ్ నేర్పిస్తానని తలా రెండు వేలు తీసుకుని, రెండు క్లాసులు చెప్పి ఫోన్ ఎత్తడం మానేశాడు. దాంతో అక్క ఎంత అడుగుతుందోనని మొదటిరోజు మాకు ఒకటే టెన్షన్. ఆమె అడిగింది టీ ఒక్కటే, అదీ చక్కెర లేకుండా.

పెద్ద కెమెరా తెస్తుందని, తనే తీసిపెడుతుందని ఆశపడ్డాం. చొక్కాకి తగిలించే చిన్న మైకు, ఫోను నిలబెట్టే స్టాండు తెచ్చింది, అంతే. మా ఫోన్లతోనే తీయమంది. మేం తప్పు తీస్తున్నా చేతులు వెనక్కి కట్టుకుని చూసేది తప్ప ఫోను ముట్టుకునేది కాదు. అప్పట్లో ఒళ్లు మండేది.

మేం రాసుకున్న స్క్రిప్టు "గాంధీ గారు మెచ్చిన ఖద్దరు" అంటూ గంభీరంగా మొదలయ్యేది. అక్క విని, "గాంధీ గారి సంగతి లోకానికి తెలుసు. మీ మామ్మ సంగతి ఎవరికి తెలుసు?" అంది. మూడు పేజీలు అక్కడితో పోయాయి.

మొదటివారం తీసిందంతా ఫ్యాను హోరు, రాట్నం చప్పుడే లేదు. ఫ్యాను ఆపించింది. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గది శబ్దం కూడా రికార్డు చేయమంది, ముక్కల మధ్య అతుకులు వినపడకుండా వాడుకోవచ్చట. ఆ ఒక్క నిమిషం కోసం గంట పట్టింది. మూడుసార్లు కోడి, నాలుగోసారి రైలు. అక్క చెప్పిన మిగతా రూల్సు ఇవీ: పది లెక్కపెట్టేదాకా షాటు కదపొద్దు. జూమ్ చేయొద్దు, నువ్వే దగ్గరికి నడువు. ప్రశ్న అడిగాక నోరు మూసుకో. ఈ చివరిదే నాకు కష్టమైంది.

సినిమాలో అందరికీ నచ్చిన ముక్క దానివల్లే దొరికింది. మామ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. (మా ఊళ్లో ఇది వింత కాదు, బయటివాళ్ల కోసం చెబుతున్నా. ఆ దవడకి దువ్వెనలా సన్నటి పళ్లుంటాయి. గింజ తీయకముందే పత్తిని దాంతో దువ్వితే చెత్త పోయి పోగులు ఒక వరసకొస్తాయి. వంద కౌంటు నూలుకి, అంటే బాగా సన్నటి నూలుకి, మొదటి పని అదే.) "ఈ పని మీ అమ్మాయికి నేర్పావా మామ్మా?" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపు దువ్వుతూనే ఉంది. తల ఎత్తకుండా, "నేర్పలేదురా. నేర్పితే ఇక్కడే ఉండిపోద్దని భయమేసింది" అంది. పాత నేనైతే ఆ మధ్యలో ఇంకో నాలుగు ప్రశ్నలు దూర్చేసేవాణ్ణి.

ఊరికి చూపించకముందు మామ్మలకి చూపించమన్నదీ అక్కే. ఒకావిడ కొడుకు గురించి కోపంలో అన్న మాట తీసేయమంది. మాకు భలే నచ్చిన షాటు అది. తీసేశాం.

లాప్‌టాప్ నెల రోజులు మాకొదిలేసి ఆఫీసులో తిట్లు తిన్న మా బావకి, ప్రొజెక్టరు ఇచ్చి రాత్రి పదకొండు దాకా మాతోనే కూర్చున్న హెడ్‌మాస్టారికి, అద్దె మాటెత్తని టెంట్ హౌస్ బాబాయికి దండాలు. ఉక్కలో ఫ్యాను లేకుండా కూర్చున్న మామ్మలకి ఏం చెప్పినా తక్కువే. తెర మీద తన చేతులు చూసుకుని ఒక మామ్మ, "ఏటిది, నా ఏళ్లు ఇంత పెద్దగున్నాయేటి?" అని పక్కావిణ్ణి పొడుస్తూనే ఉంది.

ఇక శనివారాలు రానని అక్క చెప్పేసింది. మైకు మాత్రం మా దగ్గరే వదిలేసింది. దాంతో ఇప్పుడు మగ్గాల మీద ఇంకోటి మొదలుపెట్టాం. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా తీస్తుంటే మైకు అడగండి, ఇస్తాం. బ్యాటరీలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.