డిస్లెక్సియా పిల్లలకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిగ్రీ అడ్మిషన్ల టైమ్ వస్తే చాలు, చదువుకు వయసుతో పనేముంది అని అందరూ అంటారు. బాగానే ఉంది, కానీ డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, దాని సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వయసే అడ్డం పడుతోంది.

నాది దేవరకొండ. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ గట్టెక్కి ఇప్పుడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చదువుతున్నా. కాలిన మోటారు విప్పి చూస్తే ఎక్కడ షార్ట్ అయిందో చెప్పేస్తా గానీ, పుస్తకం తెరిస్తే మ ఏదో య ఏదో తేలదు, థ లో చుక్క ఉందా లేదా అని చూసుకునేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతా, కింది లైనుకు దిగాననుకుంటే మళ్లీ చదివిన లైనులోనే ఉంటా. క్లాసులో సార్ సార్వభౌమత్వం గురించి చెప్తే అర్థమవుతుంది, నేనూ నాలుగు మాటలు చెప్పగలను. అదే మాట ప్రశ్నపత్రంలో కనబడితే ఆ ఒత్తులు, గుణింతాలు విడదీసుకోవడానికే టైమ్ అయిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్టు పరీక్షలు చేసి ఇది డిస్లెక్సియా అని రాసిచ్చారు. పరీక్షలో ఎక్కువ టైమ్ అడిగితే యూనివర్సిటీ వాళ్లు ఆ కాగితం చెల్లదు, సర్కారు సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్కారు దవాఖానకు పోతే, "అది చిన్నపిల్లలకు గదనే, నీకెందుకు?" అన్నారు. పక్కన లైన్లో ఉన్నాయన నవ్వాడు కూడా.

వాళ్లనూ పూర్తిగా అనలేం. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే అలా రాశారు: ఎనిమిదేళ్లు దాటిన పిల్లలను పరీక్షించాలి, 14 ఏళ్లకు మళ్లీ, 18 ఏళ్లకు మళ్లీ చూడాలి, 18కి ఇచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తుంది. అందులో వాడమన్న నిమ్‌హాన్స్ (బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ) పరీక్ష కూడా పిల్లల కోసం తయారు చేసిందే. మరి 18 దాటేదాకా ఎవరూ పట్టించుకోని మాలాంటోళ్ల సంగతేంటి? మేం బడిలో ఉన్నప్పుడు అమల్లో ఉన్న 1995 వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు, 2016 చట్టంతోనే 21 వైకల్యాల్లో ఇదీ చేరింది. అప్పటికి మేం ఎప్పుడో బడి మానేసి పనుల్లో పడ్డాం. మా సార్లు మాకు పెట్టిన పేరు మొద్దు, దానికి మందు వేళ్ల మీద స్కేలు.

విచిత్రమేంటంటే, వైకల్యం 40 శాతానికి తగ్గని వాళ్లకు కాలేజీ అడ్మిషన్లలో వయోపరిమితి ఐదేళ్లు సడలించాలని అదే 2016 చట్టం 32వ సెక్షన్ చెప్తోంది. అంటే లేటుగా చదువుకొచ్చేవాళ్లు ఉంటారని చట్టం రాసినోళ్లకు తెలుసు!

సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున ఎక్కువ ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను, అంటే మనం చెప్తే పరీక్ష రాసిపెట్టే మనిషిని, కాదనకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నాకు గ్రేస్ మార్కులేమీ వద్దు, ఆ గంట చాలు.

నేనొక్కణ్నే కాదు. మా క్లాసుకు అచ్చంపేట వైపు నుంచి వచ్చే ఒక అక్క, అద్దాలు ఇంట్ల మర్చిపోయిన తమ్ముడూ అని చెప్పి నోట్సు పక్కవాళ్లతో చదివించుకుంటుంది. ఆమెకు అద్దాలే లేవు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం. ఇలాంటోళ్లు హైదరాబాద్ పోయి, కూలి పోగొట్టుకుని, ప్రైవేటులో వేలు పెట్టి పరీక్ష చేయించుకుంటారా? నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో నెలకు ఒక్కరోజు పెద్దవాళ్ల కోసం సైకాలజిస్టును కూర్చోబెట్టి, తెలుగులోనే పరీక్ష చేస్తే సరిపోతుంది.

మీ విలేకరి ఒకసారి జిల్లా వైద్యాధికారులను అడిగి, పెద్దవాళ్లు ఏ దవాఖానకు, ఏ రోజు, ఏ కాగితాలతో పోవాలో పేపర్లో వేయండి. కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే ఇంకా మంచిది.

ఒక పాఠకుడు, దేవరకొండ