గర్భసంచి తీసేసిన స్త్రీలకు యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువని మీకు తెలుసు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, మన దగ్గర 8.9 శాతం. అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ పని జరగాల్సిందే. కానీ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిన వాళ్ల సంగతేమిటి? వాళ్లను పదేపదే పీడించే మూత్ర ఇన్‌ఫెక్షన్ల గురించే ఈ లేఖ.

మా పిన్నికి ముప్పైల్లోనే గర్భసంచి తీసేశారు. కొన్నాళ్లకే మూత్రంలో మంట, దురద మొదలయ్యాయి. వెళ్లిన ప్రతిసారీ ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసిచ్చేవారు. తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. "అండాశయాలు కూడా తీశారా పిన్నీ?" అని అడిగితే, "నాకేం తెలుసమ్మా, సంచి తీసేశామన్నారు, అంతే" అంది. బీరువాలో చీరల కింద దాచిన డిశ్చార్జి షీట్ తీసి చూశాను. ఆపరేషన్ పేరుంది, తేదీ ఉంది. అండాశయాలు ఉంచారో తీశారో ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ ఆ కాగితం అడగలేదట.

అడిగి తీరాల్సిన ప్రశ్న అది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పని నెలసరితో అయిపోదు. యోని గోడను మందంగా ఉంచేది, ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థాన్ని నిల్వ చేయించేది అదే. ఆ గ్లైకోజెన్ మీద బతికే లాక్టోబాసిల్లస్ అనే మేలు బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపు వల్ల అక్కడి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8–4.5 మధ్య ఉంటుంది. చాలా రోగక్రిములు ఆ పులుపులో పెరగలేవు. ఈస్ట్రోజెన్ పడిపోతే గోడ పలచబడుతుంది, మేలు బ్యాక్టీరియా తగ్గిపోతుంది, పీహెచ్ 5 దాటుతుంది. పేగుల్లో ఉండాల్సిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేసి మూత్రాశయంలోకి పాకుతుంది. ఈస్ట్రోజెన్ ఇస్తే మూత్రాశయపు పొరలో కణాల మధ్య పట్టు బిగుస్తుందని, క్రిములను చంపే ప్రోటీన్లు పెరుగుతాయని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్య విద్యాసంస్థ పరిశోధకులు 2013లో చూపించారు.

హార్మోన్లు ఎప్పుడూ రక్షణను పెంచుతూనే ఉంటాయని చెప్పను. అండం విడుదలయ్యాక గర్భాశయంలోని రక్షక కణాలు కొంత జోరు తగ్గిస్తాయి. సగం తండ్రి పోలికతో వచ్చే పిండాన్ని పరాయిదని తరిమేయకూడదు కదా. ఆ వారం పది రోజుల్లో హెచ్‌ఐవీ లాంటివి సోకే వీలు ఎక్కువ ఉండొచ్చని అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ శాస్త్రవేత్త చార్లెస్ వైరా బృందం ప్రతిపాదించింది. అంటే ఆడవాళ్ల ఇన్‌ఫెక్షన్ల గురించి మాట్లాడుతూ హార్మోన్ల ఊసెత్తకపోతే సగం వైద్యమే చేసినట్టు.

మిగతా సగం కొత్తదేమీ కాదు. 1993లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నెలసరి ఆగిపోయి, మూత్ర ఇన్‌ఫెక్షన్లతో పదేపదే బాధపడుతున్న 93 మందిలో కొందరికి యోనిలో రాసుకునే ఎస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీమ్, మిగతావాళ్లకు మందు లేని క్రీమ్ ఇచ్చారు. మందు లేని క్రీమ్ వాడినవాళ్లకు ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎస్ట్రియాల్ వాడినవాళ్లకు 0.5 సార్లు. ఎస్ట్రియాల్ వాడినవాళ్ల పీహెచ్ 5.5 నుంచి 4 కంటే కిందికి దిగింది. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు రాసుకోవడమే వైద్యం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడక్కుండా ఇవ్వకూడదు. ఆ జాగ్రత్త మన డాక్టర్లకు తెలియనిది కాదు.

అయ్యా, మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు ఎలాగూ చేస్తున్నారు. ఆ ఫారంలోనే గర్భసంచి తీసేశారా, అండాశయాలు ఉన్నాయా, నెలసరి ఆగి ఎన్నేళ్లయింది, మూత్రంలో మంట మళ్లీ మళ్లీ వస్తోందా అన్న ప్రశ్నలు చేర్చండి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి పోయాక కొందరిలో అవి ముందే చతికిలబడతాయి కాబట్టి వాళ్లనూ వదలొద్దు. ఈ మాటలు మగ డాక్టరు ముందు నోరు తెరిచి చెప్పలేని ఆడవాళ్లు బోలెడంత మంది. అందుకే ముందు ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు దీని మీద శిక్షణ ఇవ్వండి, ఇంటికొచ్చినప్పుడు వాళ్లే అడుగుతారు.

యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి. ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే మూత్రం కల్చర్ పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ మార్చి మార్చి రాయకూడదని ఆదేశం ఇవ్వండి. ఇలా యాంటీబయాటిక్‌లు రాసిస్తూ పోవడం వల్ల కూడా కదా మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నది.

చివరిగా, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా, గర్భసంచి ఆపరేషన్ చేసిన ప్రతి డిశ్చార్జి షీట్‌లో అండాశయాలు ఉంచారో తీశారో, తీస్తే ఎందుకు తీశారో తెలుగులో రాసి, చదివి వినిపించి చేతికివ్వాలని ఒక జీవో తెండి.

ఇట్లు,
మీ రాష్ట్ర పౌరురాలు