శాలిహుండం కొండ మీద కథ చెప్పే మనిషి కావాలి: కేంద్ర పర్యాటక మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను శ్రీకాకుళం జిల్లాలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏటా పిల్లల్ని మా జిల్లాలోనే పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండకు తీసుకెళ్లేవాణ్ణి. పులిహోర పొట్లాలు కట్టుకుని ఎక్కేవాళ్లం. పైకెళ్లాక వంశధార కనిపిస్తుంది. పిల్లలు ఏటి వైపే చూసేవాళ్లు తప్ప స్తూపాల వైపు చూసేవాళ్లు కాదు. తప్పు వాళ్లది కాదు. చెప్పేవాళ్లు లేకపోతే అక్కడున్నది ఇటుకల దిబ్బే.

అందుకే చెప్పేవాణ్ణి. ఈ స్తూపం లోపల బండిచక్రం ఆకుల్లా గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారర్రా, ఇటుక కలిసొస్తుంది, కట్టడం గట్టిగా నిలబడుతుంది అని. ఆ మాట వినగానే వడ్రంగుల పిల్లాడొకడు కింద కూర్చుని ఆకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఊరి పేరుకు 'శల్యపేటిక', అంటే ఎముకల పెట్టె, మూలమని కొందరంటారు. కాదు 'శాలివాటిక', వరి పండే చోటు అని ఇంకొందరు. ఈ పేచీ చెప్తే పిల్లలు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకునేవాళ్లు. ఆ రోజు ఇక ఏటి వైపు ఎవరూ చూడలేదు.

నేను అడగబోయేదంతా దీని గురించే.

పర్యాటక స్థలాల కోసం కేంద్రం పెట్టిన స్వదేశ్ దర్శన్ పథకం కింద 2017-18లో ఆంధ్రప్రదేశ్‌కు బౌద్ధ సర్క్యూట్, అంటే బౌద్ధ స్థలాల్ని కలిపే యాత్రా మార్గం, మంజూరైంది. శాలిహుండం, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు అందులో ఉన్నాయి. మా కొండ పేరు ఢిల్లీ కాగితాల్లో చూసి సంతోషపడ్డాను. తర్వాత మ్యాప్ తీశాను. మా కొండ నుంచి నాగార్జునసాగర్ పక్కనున్న అనుపుకు ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. కాగితం మీద అదొక గీత. ఆ గీత వెంబడి వచ్చిన యాత్రికుణ్ణి నేనింతవరకు చూడలేదు.

బౌద్ధ యాత్రికుల కోసం రైల్వే వాళ్లు నడిపే ప్రత్యేక రైలు బుద్ధగయ, రాజగృహం, సారనాథ్, కుశీనగరం తిరుగుతుంది. బుద్ధుడు నడిచిన నేల అది, కాదనను. కానీ నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం విహారం ఉండేదని, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ చైత్యగృహం కట్టించిందని శాసనం చెబుతోంది. అంటే శ్రీలంక నుంచి మన దగ్గరికి పదిహేడు వందల ఏళ్ల కిందటే జనం వచ్చారు, వాళ్లకు బస కూడా ఉంది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే పెద్ద బౌద్ధ ఉత్సవం నిర్వహిస్తే ఎక్కడెక్కడి జనమో వచ్చారు. పిలిస్తే వస్తారు. వచ్చినవాళ్లను మళ్లీ రప్పించే పని మాత్రం మనకు చేతకాలేదు.

ఒక సంగతి చెప్తాను. ఏ జిల్లానో, ఏ ఊరో చెప్పను, చెప్తే అక్కడి చిన్న ఉద్యోగి మీద పడతారు. పర్యాటకుల కోసం కట్టిన కొత్త భవనం చూద్దామని మా ఆవిడతో వెళ్లాను. అద్దాలు, గ్రానైట్, బయట శిలాఫలకం. లోపలికి పోదామంటే తాళం. పక్కన టీ కొట్టాయన, "తాళం ఉన్నాయన పెళ్లికెళ్లారు బాబూ, రేపు రండి" అన్నాడు. మా ఆవిడ బాత్రూం కోసం ఆ టీ కొట్టాయన ఇంటికే వెళ్లాల్సి వచ్చింది. పాపం, వాళ్లు కాఫీ కూడా ఇచ్చారు. అసలైన టూరిజం ఆ ఇంట్లో ఉంది, ఆ గ్రానైట్ భవనంలో లేదు.

ఈ పథకాల్లో కట్టేదాకా డబ్బు కేంద్రానిది, కట్టాక నిర్వహణ రాష్ట్రానిది. రాష్ట్రం దగ్గర జీతాలకే టెన్షన్. కాబట్టి అడిగేదొకటే: ఇకమీదట మంజూరు చేసే ప్రతి పథకంలో పదేళ్ల నిర్వహణ ఖర్చును కూడా కలిపి ఇవ్వండి. భవనం సగం చిన్నదైనా ఫర్వాలేదు. అందులోంచే ఊరికి ఇద్దరు గైడ్‌లకు నెల జీతం ఇవ్వండి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకే ఇవ్వండి. మా మండలంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు బోలెడుమంది.

2025-26 బడ్జెట్లో హోమ్‌స్టేలకు, అంటే ఇంట్లోనే యాత్రికులకు బస ఇచ్చేవాళ్లకు, ముద్ర పథకం కింద చిన్న రుణాలన్నారు. మంచిదే. కానీ అరగంటలో చూసి వెళ్లిపోయేవాడు రాత్రి ఎందుకు ఉంటాడు? కథ వినిపిస్తే ఉంటాడు.

జనం లేరనుకోకండి. అరసవల్లికి రథసప్తమి నాడు వచ్చే జనాన్ని చూస్తే మీకే తెలుస్తుంది. వాళ్లలో చాలామంది శ్రీకూర్మం కూడా వెళ్తారు. అక్కడికి కాస్త దూరంలోనే మా కొండ. ఆమదాలవలస స్టేషన్‌ నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం రేవు తిప్పి సాయంత్రానికి దింపే బస్సు ఒక్కటి వేయిస్తే చాలు. దానికి శంకుస్థాపన కూడా అక్కర్లేదు.

ఇంకొకటి, పంతుల్ని కాబట్టి చెప్పక తప్పదు. ఈ కొండను 1919లో లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి గారు. జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి. కాబట్టి ఇక్కడ పెట్టే బోర్డులైనా ఐదో క్లాసు పిల్లాడికి అర్థమయ్యే తెలుగులో రాయించండి. 'ఉద్దేశిక స్తూపము' అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? రాసిపెట్టే పని నాకివ్వండి, డబ్బులొద్దు.

పురావస్తు శాఖను చూసే సంస్కృతి శాఖ, పర్యాటక శాఖ రెండూ ఇప్పుడు మీ చేతిలోనే ఉన్నాయి. తవ్వేవాళ్లనూ, చూపించేవాళ్లనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి అదను రాదు.

మీరొకసారి రండి. ఎండాకాలమైతే పొద్దున్నే, ఏడు లోపు రావాలి, తర్వాత రాళ్లు కాలతాయి. నీళ్ల సీసా తెచ్చుకోండి. నేను కొండ కింద ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
శ్రీకాకుళం జిల్లా