సముద్రం మధ్యలో ఇంజినుకు నీళ్ళు

ఆక్లాండ్

నాన్నా,

నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి మొదలైంది. చిత్తూరులో ఎండలు ఎలా ఉన్నాయో ఊహించుకోగలను. ఈసారి కూడా గంగమ్మ జాతరకు రాలేదని అమ్మ అలిగిందట, చెల్లెలు చెప్పింది. అమ్మకు విడిగా ఫోను చేసి బతిమాలుకుంటాను. ఈ ఉత్తరం నీకు.

"చుట్టూ సముద్రమే ఉంటే ఇంజిను వేడెక్కడమేమిటిరా?" అని మొన్న ఫోనులో నవ్వావు కదా. పడవ ఇంజిన్లు బాగుచేసే నా పనిలో సగం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన బావి మీద ఉండిన ఆయిల్ ఇంజినును తలచుకో. పంపు తోడిన నీళ్ళలోంచే ఒక సన్న గొట్టం జాకెట్టులోకి, అంటే సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీలోకి, వెళ్ళేది, వేడెక్కిన నీళ్ళు ఇంకో గొట్టంలోంచి కాలువలో పడేవి. చలికాలంలో మా స్నానాలన్నీ ఆ గొట్టం కిందే. పాత పడవ ఇంజిన్లదీ ఇదే పద్ధతి, బావికి బదులు సముద్రం. చిక్కంతా ఆ నీటితోనే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు బాగా వేడెక్కితే అందులోని సున్నపు లవణాలు జాకెట్టు గోడలకు పొరలుగా పడతాయి. అలా కాకుండా ఆ ఇంజిన్లను 60 డిగ్రీల దగ్గరే అదిమి నడపాలి. డీజిలు ఇంజినుకేమో 80 దాకా వేడి ఉంటేనే హాయి. చల్లగా నడిస్తే నూనె సరిగా కాలదని నీకు నేను చెప్పాలా?

అందుకని ఇప్పుడు చాలా ఇంజిన్లలో రెండు నీళ్ళు ఉంటాయి. లోపల తిరిగేది కూలెంటు కలిపిన మంచినీరు, కారులో లాగే. కాని మూసి ఉన్న ఇంజిను గదిలో రేడియేటరుకు గాలి ఎక్కడిది? దాని స్థానంలో హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది: ఒక డబ్బాలో సన్న గొట్టాల కట్ట, సాధారణంగా గొట్టాల లోపల సముద్రపు నీరు, బయట ఇంజిను నీరు. వేడి ఇటు నుంచి అటు పోతుంది, నీళ్ళు కలవవు. తన పని అయ్యాక సముద్రపు నీటిని ఎగ్జాస్టు గొట్టంలోకి వదిలి, పొగతో కలిపి బయటికి పంపుతారు. ఆ నీరు ఆగిందంటే వందల డిగ్రీల పొగ నేరుగా రబ్బరు గొట్టంలో పడుతుంది.

పాడయ్యేవన్నీ సముద్రపు నీటి దారిలోనే. పడవ అడుగున ఒక కంత, దానికి వాల్వు. తర్వాత నాచునూ చెత్తనూ పట్టే జల్లెడ. ఆ తర్వాత పంపు. పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రమే కదా ఇంపెల్లర్; నీ చేతిలో అరిగినవన్నీ ఇనుపవో ఇత్తడివో. ఇక్కడిది రబ్బరుది, నాన్నా! నా అరచేతిలో ఇమిడే చక్రం, దానికి మెత్తని రెక్కలు. పంపు గదిలో ఒక పక్క గోడ ఉబ్బెత్తుగా ఉంటుంది. రెక్కలు అక్కడ వంగి, దాటాక విచ్చుకుంటూ నీటిని లాక్కుంటాయి. ఫుట్ వాల్వు అక్కర్లేదు, నీళ్ళు పోసి ఎత్తించే బాధ లేదు. కాని ఆ రెక్కలకు నీరే నూనె. వాల్వు మూసి ఉండగా ఇంజిను నడిపితే కాసేపట్లోనే రబ్బరు కాలి రెక్కలు ఊడిపోతాయి.

ఈ మధ్య ఒక పడవ వెనుక నుంచి తెల్లటి ఆవిరి కక్కుతూ రేవుకు వచ్చింది. యజమాని లబోదిబోమంటున్నాడు. ఇంపెల్లర్ కొత్తదే, జల్లెడ శుభ్రంగా ఉంది, అయినా ఉష్ణోగ్రత ముల్లు పైపైకి పోతోంది. పాత ఇంపెల్లర్ ఏదీ అని అడిగితే, అదృష్టం బాగుండి, పారేయలేదు. చూస్తే రెండు రెక్కలు లేవు. మార్చిన పనివాడు కొత్తది బిగించి డబ్బులు తీసుకుని వెళ్ళాడు గాని, ఊడిన రెక్కలు ఎక్కడికి పోయాయో ఆలోచించలేదు. గొట్టం వెంట వెతుక్కుంటూ వెళ్ళి హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పితే, గొట్టాల నోళ్ళకు అడ్డంగా రబ్బరు ముక్కలు. తీగ వంచి లాగాను. ముక్కలన్నీ పాత చక్రం పక్కన పేర్చి, రెండు రెక్కల లెక్క సరిపోయాకే మూత బిగించాను. ఆ పనివాడిలా అరకొరగా చేసేవాణ్ణి మన షెడ్డులో నువ్వు రెండో రోజు ఉండనిచ్చేవాడివి కాదు.

అదే ఎక్స్‌ఛేంజర్‌లో చిన్న జింకు కడ్డీ ఒకటి ఉంటుంది. ఉప్పు నీటిలో రాగి, ఇత్తడి తినేయబడకుండా తాను ముందు కరిగిపోవడమే దాని కొలువు. సగం అరిగితే మార్చాలి. చవక వస్తువు, అయినా పడవ పైభాగానికి మెరుగులు పెట్టడానికి వేలు పోసేవాళ్ళు దీని దగ్గర పిసినారులవుతారు. ఇంపెల్లరూ అంతే, ఏడాదికొకటి మార్చమంటే "ఇంకా బాగానే ఉంది కదా" అంటారు. గట్టిపడిన రెక్క పైకి బాగానే కనిపిస్తుంది. నేను వంచి చూపిస్తాను, రెక్క మొదలు దగ్గర పగులు బయటపడుతుంది.

ఇంకొక సంగతి నీకు వింతగా ఉంటుంది. ఇంజిను అందుకోకపోతే ఇంకా తిప్పు, ఇంకా తిప్పు అనేవాడివి కదా. ఇక్కడ అది ప్రమాదం. స్టార్టరు తిప్పినంతసేపూ పంపు నీళ్ళు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ మాత్రం ఉండదు. సైలెన్సరు నిండి నీరు వెనక్కి సిలిండరులోకి పోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందుకని మొండికేసిన ఇంజిను దగ్గర వాల్వు మూసి తిప్పుతాను, అందుకోగానే తెరుస్తాను. తెరవడం మరవకుండా వాల్వు హ్యాండిలుకు వేలాడదీసే చీటీని తీసి స్టార్టరు తాళానికి కడతాను. ఇంజిను నడవగానే వెనక్కి వెళ్ళి పొగ గొట్టం చూస్తాను. నీరు గుక్కలు గుక్కలుగా ఉమ్మాలి. ఉష్ణోగ్రత ముల్లు కంటే అది ముందుగా నిజం చెబుతుంది.

ఇంతకీ నాకు ఒక అవసరం పడింది. ఇంపెల్లర్‌ను రెండు స్క్రూడ్రైవర్లతో ఎత్తితే పంపు గోడకు గీతలు పడతాయి, పుల్లర్‌తో లాగడమే మేలు. ఇక్కడ నా దగ్గరున్నది ఇరుకు చోట్లలో పట్టదు. నువ్వు బేరింగులు లాగే ఆ చిన్న పుల్లర్ ఇంకా షెడ్డులో ఉందా? దాని కాళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో కొలిచి చెల్లెలి చేత ఫోటో పంపించు. సరిపోయేలా ఉంటే వచ్చే నెల పాకాల నుంచి వస్తున్న కుర్రవాడి చేతికి ఇవ్వు. మామిడిపండ్లు మాత్రం ఆ సంచిలో పెట్టవద్దని అమ్మకు చెప్పు, విమానాశ్రయంలో పట్టుకుంటే ఆ అబ్బాయికి జరిమానా పడుతుంది.

నీ కుమారుడు