ఆ ఒక్క లెటర్ ఎవరు తెస్తారు, మంత్రి గారూ?

ప్రవాసాంధ్రుల సాధికారత, సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సౌదీలో కరోనా డ్యూటీ చేస్తూ పోయిన మా అమ్మ పరిహారం కోసం పెట్టిన ఈ అర్జీ మీ శాఖకు కొత్తది కాదు. ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే స్పందనలో ఇచ్చాం. ఆ పేరు పోయి ప్రజా సమస్యల పరిష్కార వేదిక వచ్చాక అక్కడా ఇచ్చాం. విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్‌లోనూ పెట్టాం. అన్ని చోట్లా రసీదు ఇస్తారు, ఆ విషయంలో ఎవరినీ తప్పు పట్టలేను. రసీదులు దాచుకునే ఓపిక అయిపోయి, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. కరోనా డ్యూటీలో చనిపోయిన ఆరోగ్య సిబ్బంది కుటుంబాలకు ఐదు లక్షల రియాల్స్ ఇవ్వాలని 2020 అక్టోబరులో సౌదీ మంత్రివర్గం నిర్ణయించింది. సొంత దేశస్థులా, బయటివాళ్లా అని చూడలేదు. ప్రభుత్వ ఆస్పత్రా, ప్రైవేటా అనీ చూడలేదు. ఆ ఏడాది మార్చి 2 నుంచి లెక్కలోకి తీసుకుంటామన్నారు. మా అమ్మ జూన్‌లో పోయింది. రియాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పద్నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, అదే ఆస్పత్రి ఐసీయూలో పోయింది.

ఆ డబ్బు ఇవ్వం అని ఈ రోజు వరకు ఒక్కరు కూడా అనలేదు. అలా అనేసినా బాగుండేది, ఏడ్చి ఊరుకునేవాళ్లం. "ఆస్పత్రి నుంచి ఒక లెటర్ తెచ్చుకోండమ్మా, ఫైలు కదులుతుంది" అంటారు. ఈమె కోవిడ్ వార్డులో పనిచేస్తుండగా వైరస్ సోకి చనిపోయింది అని ఆ లెటర్‌లో ఉండాలట. వాళ్లిచ్చిన డెత్ రిపోర్టులో శ్వాస ఆగి, గుండె ఆగి చనిపోయినట్టు రాశారు. ఎవరికైనా చివరికి గుండె ఆగాల్సిందే కదా సార్! దేనివల్ల ఆగిందో కూడా రాయండని రాజోలులో కూర్చున్న నేను ఆ ఆస్పత్రిని ఏ హోదాలో అడగాలి? మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే అరబిక్‌లో ఏదో రికార్డింగ్ వచ్చి కట్ అవుతుంది. అమ్మతో కలిసి పనిచేసిన మలయాళీ సిస్టర్లకు అంతా తెలుసు. కానీ వాళ్ల ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి, సంతకం పెట్టమని వాళ్లనెలా అడుగుతాం?

అమ్మ ఏ వార్డులో ఉందో మాకు తెలుసు. రోజూ ఇమో వీడియో కాల్‌లో చూశాం కదా. మాస్క్ నొక్కుకుపోయి ముక్కు మీద చర్మం లేచిపోతే వ్యాజలిన్ రాసుకుని, దాని మీదే మళ్లీ మాస్క్ పెట్టుకునేది. పీపీఈ సూట్ తీస్తే మళ్లీ వేసుకోవడం కష్టమని డ్యూటీకి ముందు మంచినీళ్లు తాగడం మానేసింది. మార్చి 22న సాయంత్రం మా వీధిలో అందరూ పళ్లాలు మోగిస్తుంటే ఫోన్ బయటికి పట్టుకుని చూపించాను. తెగ నవ్వింది. "ఆ చప్పుడుకి నాన్న బీపీ పెరుగుతుందేమో, చూసి చెప్పు" అంది. నాన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి అంతే. రియాద్ నుంచే నాకు బీపీ మిషన్ కట్టడం నేర్పింది, మాత్రల డబ్బాలో వారానికి సరిపడా సర్దించింది, మంచం మీద పక్కకు ఎలా తిప్పితే పుండ్లు పడవో చూపించింది. పక్కన ఉన్నట్టే అన్నీ చూసుకుంది. రెండేళ్లకోసారి వస్తే నెల రోజులుండేది. అందులో సగం రోజులు మా ఊరివాళ్లకు సెలైన్లు పెట్టడంతోనే సరిపోయేది. డబ్బులు తీసుకోవచ్చుగా అంటే అమ్మమ్మ మీద కసురుకునేది.

అమ్మను అక్కడే పూడ్చారు. ఒక ఫొటో వాట్సాప్‌లో పంపారు. దాని గురించి రాయను.

ఇక మన కాగితాల సంగతి. అమ్మ నర్సింగ్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉంది. మన ఆడవాళ్లలో సగం మందికి ఇంతే, ఈ సంగతి ఏ గుమాస్తాకైనా తెలుసు. తహసీల్దారు ఆఫీసులో ఆధార్ చూసి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చారు. పాస్‌పోర్టులో ఉన్న మనిషి వేరే కదా అని పైన వెనక్కి కొట్టారు. ఇద్దరూ ఒకరేనని రాసివ్వమంటే వీఆర్వో గారు ఇరుగుపొరుగును పిలిచి విచారణ చేశారు. పాపం అమ్మమ్మ కర్ర పట్టుకుని వచ్చి "నా కూతురేనయ్యా" అని వేలిముద్ర వేసింది. అది కూడా చాలదు, కోర్టు నుంచి వారసత్వ పత్రం కావాలన్నారు. అదీ తెచ్చాం. అన్నీ పెట్టాక మళ్లీ అదే మాట: ఆస్పత్రి లెటర్ ఏదమ్మా?

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అమ్మ సర్వీసు డబ్బు ఆస్పత్రి లెక్కగట్టి ఇచ్చింది. రాయబార కార్యాలయం నుంచి కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి మాకు అందింది. అంటే దారి ఉందన్నమాట! ప్రభుత్వం అడిగితే ఆ ఆస్పత్రి పలుకుతుందన్నమాట. ఆ దారిలోనే ఈ ఒక్క లెటర్ అడగడానికి ఏమొచ్చింది? మిమ్మల్ని అడిగితే కేంద్రం పని అంటారు. కేంద్రం వాళ్లు పోర్టల్‌లో "రిసాల్వ్‌డ్" అని పెట్టి చేతులు దులుపుకున్నారు. ఏం పరిష్కారమైందో ఎక్కడా రాయలేదు.

గల్ఫ్‌కు నర్సులను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలని 2015లో నిబంధన పెట్టారు. మంచిదే. ఇప్పుడు జర్మన్ నేర్పించి జర్మనీకి పంపుతామంటున్నారు. అదీ మంచిదే. పంపేటప్పుడు ఫ్లెక్సీల మీద ఉండే మీ ఫొటో, పోయినవాళ్ల ఫైలు దగ్గర ఎందుకుండదు సార్? ఇక్కడే డ్యూటీ చేసి చనిపోయిన సిబ్బందికి కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది. మా అమ్మ ఆ లెక్కలోకి రాదు, సరే. సౌదీ వాళ్ల లెక్కలోకి వస్తుంది కదా, అక్కడైనా అడిగిపెట్టరా?

దయచేసి రాయబార కార్యాలయం చేత ఆ ఆస్పత్రికీ, సౌదీ ఆరోగ్య శాఖకూ ఒక లేఖ రాయించండి. మీ శాఖలో ఈ ఫైలు ఎవరి దగ్గరుందో ఒక్క ఆఫీసరు పేరు చెప్పండి. అక్కడ కరోనాతో పోయిన మన నర్సుల కుటుంబాలు ఇంకెన్ని ఇలా తిరుగుతున్నాయో కలెక్టర్ల చేత తీయించండి. ఇవేవీ కుదరకపోతే కుదరదని మీ సంతకంతో రాసివ్వండి, అది పట్టుకుని ఢిల్లీ వెళ్తాం. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అన్న మెసేజ్ మాత్రం ఇంకోసారి పంపకండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు కూతురు,
రాజోలు, కోనసీమ జిల్లా