ఓడ దిగనంటున్న మీ అమ్మాయి గురించి

విశాఖపట్నం

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరమూ, దానితో పంపిన ప్రణాళిక కాగితమూ చేరాయి. మీరందరూ చెన్నైలో ఓడ ఎక్కి మా ఊరు వస్తున్నారని చదవగానే కేక వేసి ఇంట్లో అందరికీ చెప్పాను. అమ్మ ఆ సాయంత్రమే ఊరగాయ జాడీలు దించి, నీకు ఏది కట్టి ఇవ్వాలా అని చూడడం మొదలుపెట్టింది. 2023లో ఇక్కడ విహారనౌకల కోసం కొత్త టెర్మినల్ ప్రారంభించినప్పటి నుంచి, మనవాళ్లెవరైనా అందులోంచి నడిచి వస్తే ఎదురు వెళ్లాలని నాకు మహా కోరిక. అంతకుముందు మాకు ఓడ ప్రయాణమంటే అండమాన్ ఓడే కదా.

ఇక కాగితం సంగతి. సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి, రుషికొండ, తొట్లకొండ, వీలైతే అరకు. ఇవన్నీ ఒక్క పగటిపూట! కింద చివరి వరుసలో, 'అమ్మాయి మాత్రం ఓడ దిగనంటోంది, ఎలా ఒప్పించాలో తోచడం లేదు' అని రాశావు. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. అమ్మమ్మ మొక్కు ఉంది, చెల్లెమ్మకు చీరల దుకాణం ఉంది, నీకు సముద్రం ఉంది. ఆ పిల్లదంటూ ఒక్క గంట కూడా లేదు. నేను తన స్థానంలో ఉంటే నేనూ దిగను.

తన వైపు నుంచి చూడు. పన్నెండేళ్లు. ఓడలో చిన్నపిల్లల ఆటల గదిలో కూర్చోమంటే సిగ్గు, పెద్ద పిల్లల గుంపులోకి వెళ్లాలంటే బెరుకు. అయినా గది తలుపు తెరిచే కార్డు తన చేతికి ఇస్తారు. అమ్మానాన్నల చెయ్యి పట్టుకోకుండా ఈతకొలను దాకా, ఐస్‌క్రీమ్ దాకా ఒంటరిగా వెళ్లి రావడం బహుశా తన జీవితంలో ఇదే మొదటిసారి. ఆ స్వేచ్ఛ రుచి చూసిన రెండో రోజే నువ్వు వచ్చి, 'పద, కారెక్కు, వరుసగా ఆరు చోట్లకు తిప్పుతాను' అంటావు. తను మా ఊరిని కాదనడం లేదు, మళ్లీ సామానుతో పాటు తనను కూడా మోసుకుపోవడాన్ని కాదంటోంది. బతిమాలినా బెదిరించినా ఇది మారదు. ఆ రోజులో కొంత భాగాన్ని నిజంగా తన చేతికి ఇవ్వాలి.

అందుకు మొదటి పని, మీ ఓడ ఆగే పుదుచ్చేరి దగ్గర చెయ్యి. అక్కడ ఒడ్డుకు దిగే యాత్ర కోసం మనిషికి ఇంత చొప్పున కట్టాలని రాశావు. ఎందుకురా? చెన్నై నుంచి పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లు, ఏ శనివారమైనా తెల్లవారి బయలుదేరితే టిఫిన్ వేళకు చేరతారు. పైగా అక్కడ ఓడ ఒడ్డుకు ఆనదు. సముద్రంలో ఆగితే చిన్న పడవల్లో దింపుతారు. ఆ పడవల కోసం వరుసలో నిలబడాలి, వచ్చేటప్పుడూ అంతే. అలలు పెరిగితే దింపడమే మానేస్తారు. కాబట్టి ఆ రోజంతా అమ్మాయికి వదిలేయి. సగం మంది దిగిపోతారు కనుక కొలను ఖాళీగా ఉంటుంది, ఎంతసేపు ఈదినా అడిగేవారు ఉండరు. 'పుదుచ్చేరిలో ఓడ నీది, విశాఖలో పగలు మాతో రా' అని చెప్పి చూడు. పన్నెండేళ్ల పిల్లలకు న్యాయం చాలా ముఖ్యం. ఇచ్చి అడిగితే వింటారు, ఊరికే అడిగితే వినరు.

రెండోది, విశాఖ చేరే ఉదయం. దీనికి డబ్బూ కారూ అక్కర్లేదు, ఆ పిల్లను ఒక గంట ముందు లేపితే చాలు. రేవులోకి వచ్చే ఏ పెద్ద ఓడనైనా సొంత కెప్టెన్ ఒక్కడే లోపలికి తీసుకురాడు. ఇక్కడి నీళ్లు, ఒరవడి, మలుపులు తెలిసిన పైలట్ ఒకరు చిన్న పడవలో ఎదురు వెళతారు. ఓడ నడుస్తూ ఉండగానే పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కుతారు. కింద అలలు, పక్కన అంత ఎత్తు ఇనుప గోడ! డెక్ మీద నిచ్చెన వేసిన వైపు నిలబడితే అంతా కనిపిస్తుంది. ఏ వైపో ముందు రోజే ఓడ సిబ్బందిని అడగమని అమ్మాయికే చెప్పు. ఆ తర్వాత ఎడమ చేతి వైపు, నీటిలోకి ముక్కు చాచినట్టు డాల్ఫిన్స్ నోస్ కొండ వస్తుంది, కుడివైపు ఊరు విచ్చుకుంటుంది. టగ్గు పడవలు వచ్చి ఓడను మెల్లగా పక్కకు నెడతాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే. మీరు చూస్తారని తలుచుకుంటేనే నాకు అసూయగా ఉంది.

అరకు కొట్టేయి. 110 కిలోమీటర్లకు పైనే, అందులో చాలా భాగం ఘాట్ రోడ్డు. వెళ్లడానికి మూడు గంటల పైన, రావడానికి అంతే. మధ్యలో ఒక లారీ ఆగిపోతే మీ ఓడ మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది. అరకు కోసం వేరే రండి, చలికాలంలో, రైల్లో, సొరంగాలు చూసుకుంటూ. కైలాసగిరి, తొట్లకొండ కూడా ఈసారికి వద్దు. తొట్లకొండ అంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. 1976లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తూ గమనించేదాకా ఆ రెండు వేల ఏళ్ల బౌద్ధ ఆరామం పొదల్లో మరుగున పడి ఉందంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ అక్కడ మిగిలినవి ఎక్కువగా పునాదులు. ఎండలో పునాదులు చూడమంటే అమ్మాయి మన ముఖాలు చూస్తుంది.

ఇలాంటి ఒక్కరోజు యాత్రలకు నేను పాటించే పద్ధతి ఒకటే: దూరంగా ఉన్నది ముందు, ఓడకు దగ్గరగా ఉన్నది చివర. ఏదైనా ఆలస్యమైతే చివరిది వదులుకుని నేరుగా రేవుకు వెళ్లిపోవచ్చు. అందుకని పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలకు వెళదాం. భీమిలి దారిలో, ఊరికి సుమారు 20 కిలోమీటర్లు. ఎండ ముదిరితే అక్కడ నిలవలేం కాబట్టి అది పొద్దుటి చోటే.

అమ్మాయికి దీన్ని పర్యాటక స్థలం అని చెప్పకు. వేల ఏళ్ల పాటు సముద్రం వెనక్కి తగ్గి, ముందుకు వచ్చి, మధ్యలో గాలి ఇసుకను ఎత్తి పోసి చేసిన చోటు అని చెప్పు. ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఆ ఎరుపు వచ్చింది. వాననీళ్లు కోసి కోసి లోతైన వాగులు చేశాయి. వాటి అడుగున నడుస్తుంటే రెండు పక్కలా తలకంటే ఎత్తు ఎర్రటి గోడలు, కొన్నిచోట్ల ఏది దారో ఏది మూసుకుపోయిన మలుపో తెలియదు. ముందు తనే నడవాలి, మనం వెనక నడుద్దాం. 2014లో భూవైజ్ఞానిక సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. దక్షిణాసియా ఉష్ణమండల తీరంలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు మూడే చోట్ల ఉన్నాయంటారు: ఇక్కడ, శ్రీలంకలో, మీ తమిళనాడు దక్షిణాన తేరి ఇసుక నేలల్లో. స్కూల్లో చెప్పుకోవడానికి తనకొక మంచి కబురు. గట్టి బూట్లు వేయించు, టోపీ పెట్టించు. జ్ఞాపకంగా ఉంటుందని గుప్పెడు మట్టి కూడా తీయనివ్వకు. ఇప్పటికే ఆ దిబ్బల మీద మనుషులు చేసిన గాయాలు చాలు, వాటిని చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

అదే సమయంలో అమ్మమ్మనూ నాన్నగారినీ మా ఆవిడ ఇంకో కారులో సింహాచలం తీసుకువెళుతుంది. అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టింపు ఉంటేనే పిల్లలు విసిగిపోతారు, పెద్దలు అలిసిపోతారు. ఏడాదంతా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపే స్వామిని చూడాలని అమ్మమ్మ ఎన్నేళ్లుగా అంటోందో నాకు తెలుసు. ఆవిడకు తీరిగ్గా దర్శనం కావాలి. పక్కన మనవరాలు గడియారం చూస్తూ నిలబడితే ఆవిడ మనసు దేవుడి మీద నిలవదు. కారు ఘాట్ రోడ్డులో కొండమీదికే వెళుతుంది కనుక మెట్ల బెంగ లేదు.

మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రావద్దు. అమ్మ కోప్పడుతుంది, నేను నచ్చజెబుతాను. ఇంటికి వస్తే పక్కింటివాళ్లు, పెద్దనాన్నవాళ్లు, 'ఎంత ఎదిగిపోయావే, ఏ క్లాసు, తెలుగు వచ్చా' అనే ప్రశ్నలు. ఆ వయసులో నాకు అంతకన్నా బాధ లేదు, మా మేనల్లుడికీ అంతే. అందుకని భోజనం క్యారేజీల్లో కట్టి రుషికొండ దగ్గర నీడ చూసుకుని కూర్చుందాం. పులిహోర, రొయ్యల వేపుడు, పెరుగన్నం, అమ్మ చేతి మాగాయ. అమ్మను కూడా అక్కడికే తీసుకువస్తాను. నీళ్లలో కాళ్లు తడుపుకోవాలంటే రుషికొండలోనే, అదీ కాపలాదారులు ఉన్న చోటే. ఆర్కే బీచ్‌లో వద్దే వద్దు, అక్కడి లోపలి ఒరవడి ఏటా మనుషుల్ని లాక్కుపోతుంది.

ఇక మధ్యాహ్నం జలాంతర్గామి. దీని మీద నాకు చాలా ఆశ ఉంది. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర 1969లో నౌకాదళంలో చేరింది, 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి ఇలా ఇసుక మీద ప్రదర్శనశాలగా ఉంది. తొంభై మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో 75 మంది బతికేవారు. గత వేసవిలో మా మేనల్లుడు, అంతవరకూ దేనికీ నోరు విప్పనివాడు, టార్పెడోల పక్కనే ఉన్న పడకలు చూసి ఆగిపోయాడు. లోపల అన్నీ వివరించేది నౌకాదళంలో పనిచేసి వచ్చిన పెద్దలే. ఎక్కడ పడుకునేవారు, నీళ్లు ఎలా సరిపెట్టుకునేవారు, స్నానం ఎప్పుడు అని వాడు అడుగుతూనే ఉన్నాడు, వివరించే పెద్దాయన ఓపికగా చెబుతూనే ఉన్నాడు. వెనక వరుస ఆగిపోయినా ఎవరూ విసుక్కోలేదు. మీ అమ్మాయిని లోపలికి పంపి నువ్వు రెండు అడుగులు వెనక ఉండు. వివరించే బాధ్యత నువ్వు తీసుకోకు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాలు వంగి దూరాలి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలు బయటే కూర్చోవాలి. సోమవారం సెలవు, మీ ఓడ బుధవారం వస్తోంది కనుక పరవాలేదు.

బయటికి వచ్చాక గాజీ కథ చెప్పు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన రేవు బయట 90 మందికి పైగా నావికులతో మునిగిపోయింది. మన యుద్ధనౌక వేసిన బాంబుల వల్లనని మనవాళ్లు, లోపల జరిగిన పేలుడు వల్లనని వాళ్లు. ఆ శిథిలం ఇప్పటికీ అక్కడే అడుగున ఉంది. పొద్దున మీ ఓడ వచ్చింది ఆ నీళ్ల మీదుగానే. జవాబు తేలని కథలంటే ఆ వయసు పిల్లలకు నిద్ర పట్టదు.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద జలాంతర్గాముల కోసం వెతికిన పెద్ద విమానం, 2017లో విరమించింది. చివరి దాకా ఎగిరింది ఎక్కడి నుంచో తెలుసా? మీ పక్కనున్న అరక్కోణం నుంచే! మీ అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆ విమానం మీ వైపు ఆకాశంలో తిరుగుతూ ఉండి ఉంటుంది. అయితే దీన్ని చూడాలా, బీచ్‌లో మరమరాల మిక్చర్ తింటూ కూర్చోవాలా అన్నది తననే తేల్చుకోనివ్వు. 'నీకు ఏం కావాలి' అని అడిగితే 'ఏమీ వద్దు' అంటుంది. రెండు చూపించి ఏదంటే చెబుతుంది. మిక్చర్ అన్నా ముఖం చిన్నబుచ్చుకోకు.

గడియారం కూడా తనకే అప్పగించు. ఓడలోవాళ్లు నడిపే యాత్రలో వెళితే ఆలస్యమైనా సాధారణంగా మీ కోసం ఆగుతారు, సొంతంగా తిరిగితే ఆగరు. మనం సొంతంగా తిరుగుతున్నాం కాబట్టి, కాగితంలో ఎక్కవలసిన సమయం అయిదున్నర అని ఉంటే నాలుగింటికల్లా రేవు గేటు దగ్గర ఉండాలి. బీచ్ రోడ్డు నుంచి రేవు దగ్గరే, కానీ సాయంత్రం రద్దీని నమ్మలేం. బయలుదేరే సమయం తను చెబితే మనం లేవాలి, నేను కూడా. అందరి గుర్తింపు కార్డులూ ఓడ కార్డులూ ఒకచోట ఫోటో తీసి రెండు ఫోన్లలో ఉంచండి. రేవులో ఓడ తరఫున పనిచేసే ఏజెంటు నంబరు ఓడవాళ్లు ముందు రోజు ఇచ్చే కాగితంలో ఉంటుంది, అది రాసుకో. రేవు లోపలికి బయటి కార్లను రానివ్వరు కాబట్టి గేటు బయట నేనూ మా ఆవిడా రెండు కార్లతో ఉంటాం.

ఇంకొక మాట. ఇంత చేసినా ఆ పొద్దున తను రానంటే, చెల్లెమ్మనో నిన్నో తనతో ఓడలో ఉండనివ్వు, మిగతావాళ్లు దిగండి. దానికోసం ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకోవద్దు. పైలట్ నిచ్చెన ఎక్కడం చూసిన పిల్ల కిందికి రాకుండా ఉంటుందని మాత్రం నేను అనుకోను.

ఈ ఉత్తరం అందగానే మూడు సంగతులు రాయి: ఓడ ఇక్కడ ఆగే గంటలు కచ్చితంగా ఎన్ని, నాన్నగారు ఎండలో ఎంత నడవగలరు, అమ్మాయి కారం తింటుందా లేదా. చివరిది అమ్మ అడగమంది. చెల్లెమ్మకు మా ఆవిడ అడిగినట్టు చెప్పు, చీరల దుకాణం సంగతి వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, మనం తల దూర్చవద్దు. పెద్దలకు నమస్కారాలు, అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ
పాత మిత్రుడు