పైలట్లను 65కు ముందే ఇంటికి పంపడం వివక్షే

సంపాదకులకు,

పైలట్ల పదవీ విరమణ వయసు పెంచాలా అన్న చర్చలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఇద్దరు పైలట్లు నడిపే అంతర్జాతీయ వాణిజ్య విమానాలకు ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) విధించిన గరిష్ఠ వయసు 65, ఒక్కరే నడిపేవాటికి 60. ఇది భద్రతా నిబంధన. అంతకంటే ముందే సాగనంపే ఉద్యోగ ఒప్పందాలను ఇదే గాటన కట్టడం తప్పు. జర్మనీ విమానయాన సంస్థ లుఫ్తాన్సా పైలట్ల కేసులో ఐరోపా న్యాయస్థానం 2011లో తేల్చింది ఇదే: చట్టం 65 దాకా అనుమతిస్తుంటే, ఒప్పందంలోని 60 ఏళ్ల గీత వయో వివక్షే. 2017లో 65 పరిమితిని మాత్రం సమర్థించింది. అయితే ప్రయాణికులు, సరకు లేని ఖాళీ విమానం నడపడానికి, శిక్షణ ఇవ్వడానికి అది అడ్డు కాదంది.

60 దాటినవారికి ఆరు నెలలకోసారి వైద్యపరీక్ష ఎలాగూ ఉంది. కానీ అక్కడ చూసేది ప్రధానంగా గుండె, చూపు, వినికిడి. జ్ఞాపకశక్తి, నిర్ణయ వేగం మందగిస్తే బయటపడేది సిమ్యులేటర్లో, అంటే విమానం నడపడాన్ని నేలమీదే పరీక్షించే నమూనా కాక్‌పిట్‌లో. పరిమితి పెంచమనేవారు ముందు ఆ సిమ్యులేటర్ పరీక్షను కఠినం చేయమని అడగాలి.

— ఒక పాఠకుడు